షెడ్డులో పెరిగిన కక్ష

అమెరికాలో కొలరాడో కొండల మధ్య గ్రాన్‌బీ అని ఒక ఊరు ఉంది, అప్పట్లో సుమారు 1,500 మంది ఉండేవారు. 2004 జూన్ 4, శుక్రవారం మధ్యాహ్నం, ఆ ఊళ్ళో ఒక షెడ్డు గోడ బద్దలుకొట్టుకుని ఒక బుల్డోజర్ బయటికొచ్చింది. దానికి కిటికీ లేదు, తలుపు లేదు. ఉక్కు పలకల మధ్య కాంక్రీటు పోసి చుట్టూ కవచం కట్టేశారు. బయట కెమెరాలు, లోపల తెరలు, వాటిని చూస్తూ నడపడమే. పోలీసుల తూటాలు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. రెండు గంటల పైచిలుకు ఊరంతా తిరిగి 13 కట్టడాలను ధ్వంసం చేసింది. టౌన్ హాలు, పత్రికాఫీసు, బ్యాంకు, మాజీ మేయర్ కుటుంబం ఇల్లు, పక్కనున్న కాంక్రీటు ప్లాంటు అందులోవే. నష్టం సుమారు 70 లక్షల డాలర్లు.

లోపలున్నది మార్విన్ హీమేయర్, 52 ఏళ్ళ మనిషి. వెల్డింగ్ పని బాగా వచ్చు, ఆ ఊళ్ళోనే వాహనాల సైలెన్సర్లు బాగుచేసే షాపు నడిపేవాడు.

గొడవ ఏమిటని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1992లో వేలంలో 42 వేల డాలర్లకు రెండెకరాలు కొన్నాడు. తర్వాత కాంక్రీటు ప్లాంటు పెట్టాలనుకున్నవాళ్ళు ఆ స్థలం అడిగితే రెండున్నర లక్షలకు ఒప్పుకున్నాడు, ఆపైన ధర పెంచుతూ పోయాడు, బేరం చెడింది. 2001లో పక్క స్థలంలోనే ప్లాంటుకు టౌన్ అధికారులు అనుమతి ఇచ్చారు. దాన్ని ఆపాలని పోరాడి ఓడిపోయాడు. ఆపైన డ్రైనేజీ కనెక్షను లేదని, ఇంకా ఏవో ఉల్లంఘనలని 2,500 డాలర్ల జరిమానా పడింది. కట్టాడు, కానీ చెక్కు మీద "పిరికిపందలు" అని రాసి కట్టాడు. మన ఊళ్ళలో గట్టు తగాదా, ప్రహరీగోడ తగాదా ఎలా మొదలవుతాయో అచ్చం అలాగే ఉంది కదా.

ఇంత చిన్న విషయం అంత దూరం ఎలా పోయింది? 2003లో లండన్‌లో శాస్త్రవేత్తలు ఒక తేలికైన ప్రయోగం చేశారు. ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరి వేలిని ఇంకొకరు యంత్రం ద్వారా నొక్కాలి, తనకు ఎంత ఒత్తిడి తగిలిందో సరిగ్గా అంతే తిరిగి ఇవ్వాలి అన్నారు. ఇద్దరూ నిజాయితీగానే నొక్కారు, అయినా వంతు వంతుకూ ఒత్తిడి సగటున 38 శాతం పెరుగుతూ పోయింది. మనం చేసే ఒత్తిడిని మెదడు ముందే ఊహించి తక్కువగా లెక్కగడుతుంది, ఎదుటివాడు చేసింది మాత్రం పూర్తిగా తెలుస్తుంది. అది వేలి సంగతి, నిజమే. కానీ మాటల్లోనూ ఇలాంటి తేడాయే కనిపిస్తుంది. 1990లో మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామైస్టర్ బృందం జనాన్ని తమకు కోపం తెప్పించిన సంఘటన ఒకటి, తాము ఇతరులకు కోపం తెప్పించిన సంఘటన ఒకటి రాయమంది. కోపం తెప్పించినవాళ్ళకు అది ఎప్పుడో ముగిసిపోయిన చిన్న విషయం, బాధపడ్డవాళ్ళకు ఇంకా రగులుతున్న అన్యాయం. టౌన్ ఆఫీసుకు ఆ జరిమానా ఒక కాగితం, హీమేయర్‌కు మాత్రం తనను తరిమేయడానికి ఊరంతా కలిసి వేసిన ఎత్తు.

నాకు అన్నిటికంటే భయమేసేది ఆ షెడ్డులో గడిచిన కాలం. దాదాపు ఏడాదిన్నర పాటు అక్కడే ఆ బుల్డోజర్‌కు కవచం కట్టాడు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని నెమరువేత అంటారు, మనకూ సరిగ్గా సరిపోయే మాట, జరిగిన అవమానాన్నే మళ్ళీ మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమలడం. "కసి తీరా ఏదో ఒకటి కొట్టేస్తే చల్లబడతావు" అని చాలామంది సలహా ఇస్తారు, అది తప్పు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్ళే అందరికంటే ఎక్కువ కోపంగా మిగిలారు. రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నవాళ్ళే నయం. హీమేయర్ రోజూ వేసిన ప్రతి వెల్డూ ఆ బ్యాగు మీద ఒక గుద్దే అనిపిస్తుంది నాకు. షెడ్డులోకి వచ్చిపోయిన కొందరు ఆ యంత్రాన్ని చూసి కూడా అనుమానించలేదు. దాన్నీ అతను దేవుడి అండగానే తీసుకున్నాడు, రికార్డు చేసి వదిలిన టేపుల్లో ఈ పని కోసమే దేవుడు తనను తయారుచేశాడన్నాడు. అంతటి నమ్మకం కుదిరాక ప్రతిదీ సాక్ష్యమే అవుతుంది. ఇంకో సంగతి, దాడికి కొన్ని నెలల ముందే అతను ఆ స్థలం అమ్మేశాడు. అంటే పోరాడటానికి అక్కడ ఇక ఏమీ మిగల్లేదు, పగ ఒక్కటే మిగిలింది.

చిన్న ఊరు కావడం దీన్ని ఇంకా ముదరబెడుతుందని నా అభిప్రాయం. పెద్ద నగరంలో ఓడిపోతే ఏదో ఒక ఆఫీసు చేతిలో ఓడిపోయినట్టు. ఇక్కడ అనుమతిచ్చినవాళ్ళు, వార్త రాసినవాళ్ళు, పక్కనే ప్లాంటు నడిపేవాళ్ళు అందరూ రోజూ కనబడే ముఖాలే. తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చినా తన మాట విన్నారు, మర్యాదగా చూశారు అనిపిస్తే జనం దాన్ని చాలావరకు ఒప్పుకుంటారని టామ్ టైలర్ లాంటి పరిశోధకులు ఎన్నో ఏళ్ళుగా చూపిస్తున్నారు. గ్రాన్‌బీలో అతని మాట అసలే వినలేదని చెప్పలేం, బేరం వాళ్ళూ చేశారు, సమావేశాలూ జరిగాయి. విన్నారని అతనికి అనిపించలేదు, అంతే.

ఇతన్ని హీరో అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, "అతను తప్ప ఎవరూ చావలేదుగా" అంటారు. ఎవరూ చావకపోవడానికి కారణం పోలీసులు ముందుగా పరుగెత్తి జనాన్ని ఖాళీ చేయించడం. టౌన్ హాలు భవనంలోనే లైబ్రరీ ఉండేది, ఆ రోజు అందులో పిల్లలున్నారు. గ్యాసు ట్యాంకుల మీద కాల్పులు కూడా జరిపాడు.

అదే 2004లో జ్యూరిక్ పరిశోధకులు, మోసం చేసినవాణ్ణి శిక్షించేటప్పుడు మెదడులో సంతృప్తికి సంబంధించిన భాగం చురుగ్గా మారడం స్కానింగుల్లో చూశారు. అందుకే పగ తీర్చుకోవాలనే ఆలోచన అంత తీయగా ఉంటుంది. కానీ 2008లో కెవిన్ కార్ల్‌స్మిత్ బృందం శిక్షించిన తర్వాత ఎలా ఉందని చూస్తే, శిక్షించినవాళ్ళే ఎక్కువ అసంతృప్తితో మిగిలారు, ఆ మోసగాడి గురించే ఇంకా ఎక్కువ ఆలోచిస్తూ ఉన్నారు.

ఆ సాయంత్రం బుల్డోజర్ ఒక హార్డ్‌వేర్ షాపు నేలమాళిగలోకి కూరుకుపోయి ఆగింది. అతను లోపలే తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ కవచాన్ని కోసి అతణ్ణి బయటికి తీయడానికి దాదాపు 12 గంటలు పట్టింది. లోపలికి దిగి కవచం మూసుకున్నాక మళ్ళీ బయటికి వచ్చే ఏర్పాటు అతను చేసుకోలేదు.