మేళం పని: కల్లం వడ్ల నుంచి హాలు ప్యాకేజీ దాకా

వరంగల్, హన్మకొండలో పెండ్లి సన్నాయికి ఇవాళ పని చెప్పేది ఎక్కువగా పెండ్లివారు కాదు. ఫంక్షన్ హాలు మేనేజరో, ఈవెంట్ కాంట్రాక్టరో ఫోన్ చేస్తాడు. పందిరి, పూలు, కుర్చీలతో పాటు మేళం కూడా ప్యాకేజీలో ఒక పద్దు. పెండ్లివారు కట్టినదెంతో, తన చేతికి వచ్చేదెంతో సన్నాయి ఊదేవాడికి చాలాసార్లు తెలియదు.

వెనుకట ఊర్లలో పని వెతుక్కోవడమనే మాటే లేదు. నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఊరి ఇండ్లను వంతులుగా పంచుకునేవి. అన్నదమ్ములు వేరుపడితే ఆ ఇండ్లూ పంపకానికి వచ్చేవి. ఎవరి వంతు ఇంట్లో లగ్గమైతే వాళ్లదే మేళం. ఏడాది కూలి కల్లం కాడ వడ్లు. పెండ్లినాడు బియ్యం, కుడుకలు, కండువా, చేతిలో పెట్టినంత ఈనాం. డప్పు మాదిగల వంతు. ఆ రోజులే బాగుండేవని మురిసేవాళ్లు ఇంకా ఉన్నారు. దొర గడీలో పెండ్లయితే గింజ రాలేది కాదన్నది వాళ్లకు గుర్తుండదు. అది వెట్టి, పిలిస్తే పోవాల్సిందే. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో సంఘం (ఆంధ్ర మహాసభ) వెట్టి వద్దన్నప్పుడు ఈ మేళగాళ్లకూ అది వర్తించింది.

వడ్ల లెక్క ఒక్కనాడు పోలేదు. కొడుకులు పట్నంలో, బొంబాయిలో సెలూన్లు పెట్టుకున్నారు. సన్నాయికి ఏండ్ల సాధన కావాలి, సెలూన్లో ఏ పూట డబ్బు ఆ పూటే. అలా ఊరికో మేళం పోయి, నాలుగు మండలాలకో జట్టు మిగిలింది. అదే కాలంలో జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ డబ్బు వచ్చింది, బరాత్‌కు బ్యాండు వచ్చింది. క్లారినెట్, ట్రంపెట్, యూఫోనియం, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్. మన పెంబర్తిలో ఇత్తడి పనికి కొదవ లేదు గానీ, బ్యాండు వాయిద్యాలకు పేరు మీరట్‌లోని జలీ కోఠీది. పది పన్నెండు మందికి కూలి, భోజనం, డ్రెస్సు పెట్టే బ్యాండును, ఒక డీసీఎం వ్యాను, ఒక జనరేటరు, ఇద్దరు మనుషులతో వచ్చిన డీజే సులువుగా కొట్టేసింది.

లగ్గం ఘడియ మాత్రం డీజేకు చిక్కలేదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు పంతులు చేయి ఎత్తగానే గట్టిమేళం పడాలి. డోలు ఒకవైపు కర్రతో, మరోవైపు తొడుగులున్న వేళ్లతో మోగుతుంది. చుట్టూ మాట వినపడొద్దు, అందుకే అది. తేడా వచ్చేదీ అక్కడే: డోలు మనిషి భోజనానికి పోయి ఉంటాడు, లేదా ఏసీ గాలికి సన్నాయి పీక (నోట్లో పెట్టి ఊదే రెల్లు ముక్క) ఆరి పలకదు. అందుకే సన్నాయికి దారంతో వేలాడేసిన విడి పీకల్లో ఒకటి ముందే నోట్లో నానుతుండాలి. ఫొటోగ్రాఫర్ ‘ఇంకొక్కసారి’ అంటే గట్టిమేళమూ ఇంకొక్కసారే, దానికి వేరే డబ్బులేం రావు.

ఇంకో చిక్కు, పనంతా ముహూర్తాల్లోనే. ఒకే రోజు జిల్లా అంతా పెండ్లిళ్లు ఉంటే జట్టులో మనుషులు చాలరు, పక్క జిల్లా నుంచి డోలును పిలిపించుకోవాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. 2020లో పెండ్లికి 50 మందే అన్న నిబంధనలో మొదట తగ్గించింది మేళాన్నే. 2024లో వైశాఖం, జ్యేష్ఠం మూఢంలో పోయాయి, అంటే ఏడాదిలో గట్టి సీజనే పోయింది.

మధ్యవాళ్లకు బలం అక్కడి నుంచే. ఖాళీ నెలల్లో బయానా (అడ్వాన్సు) ఇచ్చి, సీజన్ రేటును తక్కువకు కట్టేస్తారు. తెలిసిన జట్లు ఒప్పుకునే ముందే నాలుగు సంగతులు చీటీ మీద రాయించుకుంటాయి: ఎందరు (ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు తాళం), ఏయే ఘట్టాలు (ఎదురుకోళ్లు, లగ్గం, అప్పగింతలు), బండి ఖర్చు ఎవరిది, మిగిలిన డబ్బు ఎప్పుడు. అప్పగింతలకు ముందే తీసుకుంటారు. తర్వాత అడిగితే మేనేజర్ పెండ్లివారిని చూపిస్తాడు, పెండ్లివారు మేనేజర్‌ను చూపిస్తారు.

బరాత్ కూడా ఒప్పుకుంటే మొదలయ్యే టైమూ రాయించుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉన్న ఆంక్ష డీజేకే అనుకుంటారు చాలామంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలకు 2010లో చేసిన సవరణతో వాయిద్యాలు కూడా దాని కిందికి వచ్చాయి. పెండ్లికొడుకు తొమ్మిదిన్నరకు గుర్రమెక్కితే మేళానికి దొరికేది అరగంటే.