ఎండలో ఫోన్ కనపడాలంటే

మిట్టమధ్యాహ్నం బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు బయట ఫోన్ తీసినవాళ్లు ముందు చేసే పని బ్రైట్‌నెస్‌ని కుడి చివరిదాకా తోసేయడం. నీడలోకి వచ్చాక తగ్గించడం గుర్తుండదు. సాయంత్రం మారతహళ్లిలో పీజీకి చేరేలోపు చార్జింగ్ అడుగంటుతుంది. అప్పుడు బ్యాటరీ పాడైందేమోనని టెన్షన్. చాలాసార్లు బ్యాటరీ తప్పేమీ ఉండదు. తెర కనపడటమంటే దాని సొంత వెలుగు ఒక్కటే కాదు. తెర మీద పడి వెనక్కి తిరిగొచ్చే వెలుగుతో అది పోటీ పడాలి. ఆ రెండో వెలుగుని తగ్గించడానికి బ్యాటరీ ఖర్చు లేదు.

తెర వెలుగుని నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరుకి ఒక కాండెలా (దాదాపు ఒక కొవ్వొత్తి వెలుగు) అయితే ఒక నిట్. రాత్రిపూట ఇంట్లో దీపం వెలుతుర్లో చదువుకోవడానికి 100 నిట్లు సరిపోతాయి. మనం చేత్తో పెంచితే మామూలు ఫోన్లు 400 నుంచి 600 నిట్ల దాకా వెళ్తాయి. ఇప్పుడు ఎండలోకి రండి. ఒంటి మీద తెల్ల చొక్కా ఉందనుకోండి. నేరుగా ఎండ పడిన తెల్లబట్ట వెలుగు 20 వేల నిట్ల పైమాటే. ఫోన్ గాజు తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని అద్దంలా వెనక్కి పంపుతుంది. అంటే తెర మీద కనిపించే మీ చొక్కా ప్రతిబింబమే 800 నిట్లు! అక్షరాల వెనక ఉన్న 500 నిట్ల తెలుపు దాని ముందు వెలవెలపోతుంది. అదే నల్లచొక్కా అయితే ఆ ప్రతిబింబం వంద నిట్లు కూడా దాటదు. ఈసారి ఎండలో నిలబడినప్పుడు ఫోన్‌ని కాస్త అటూఇటూ వంచి చూడండి. చొక్కా, ఆకాశం, ఎదురుగా ఉన్న చెట్టు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చి పోతాయి. చెట్టు ప్రతిబింబం తెర మీదికి వచ్చిన కోణంలో అక్షరాలు ఒక్కసారిగా తేటపడతాయి. బెంగళూరులో తరచూ ఉండే పల్చటి తెల్లమబ్బు నిర్మలమైన నీలాకాశం కన్నా ఎక్కువ మెరుస్తుంది. మబ్బు పట్టిన రోజున కూడా తెర కనపడక ఇబ్బంది పడేది అందుకే.

మా వీధికి డెలివరీలు తెచ్చే అనంతపురం కుర్రాడు ఒకరోజు ఫోన్ హోల్డర్‌లోంచి ఊడబెరికి నా చేతిలో పెట్టాడు. "ఫుల్లు పెట్టినా మ్యాపు కనపడట్లేదన్నా, ఫోను చూడు, కాలిపోతాంది" అన్నాడు. పట్టుకుంటే నిజంగానే చెయ్యి చురుక్కుమంది. ఆ వేడి ఎక్కువగా ఎండది. నిట్టనిలువు ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు మోసుకొస్తుంది. ఫోన్ ముఖం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు కాబట్టి దాని వాటా 10 వాట్లు. అందులో చాలాభాగాన్ని నల్లటి తెర పీల్చుకుంటుంది. పైన ఎండ కాస్తుంటే, లోపల్నుంచి తెర, జీపీఎస్, ప్రాసెసర్ వేడెక్కిస్తుంటాయి. ఒక హద్దు దాటాక ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి బ్రైట్‌నెస్‌ని తనే తగ్గించేస్తుంది. అప్పుడు మనం ఎంత తోసినా లాభం లేదు. ఆ వేడిలోనే రోజూ నడిస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు కూడా తరుగుతుంది. ఆ అబ్బాయి చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి, లోపలివైపు నల్లరంగు పూసి, హోల్డర్ పైన చూరులా బిగించుకున్నాడు. ఎండ ఆగింది, ఆకాశం ప్రతిబింబమూ తగ్గింది. ఏ సెట్టింగూ చెయ్యలేని పని ఆ అట్టముక్క చేసింది.

ఇక ఖర్చు సంగతి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాదాపు 19 వాట్-గంటల శక్తి ఉంటుంది. తెర ఒక వాట్ అదనంగా తాగితే గంటకి 5 శాతం చార్జింగ్ పోయినట్టే. మన కన్ను మాత్రం ఈ లెక్కన చూడదు. వెలుగుని సగానికి తగ్గించినా కంటికి అది సగమైనట్టు అనిపించదు, సుమారు అయిదింట నాలుగు వంతులు ఉన్నట్టే తోస్తుంది. అందుకే 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9లో బ్రైట్‌నెస్ స్లైడర్‌ని కంటి తీరుకి తగ్గట్టు మార్చారు. ఎడమవైపు జరుపుడుకి కొన్ని నిట్లే మారతాయి, కుడి చివర అంతే జరుపుడుకి వందల నిట్లు ఎగబాకుతాయి. ఆ చివరి ముక్కలోనే కరెంటు ఎక్కువ కాలుతుంది, కంటికి దక్కే లాభం తక్కువ. గది లోపల ఆ చివరి ముక్క జోలికి పోవాల్సిన పనే లేదని నా అభిప్రాయం.

తెర నేపథ్యాన్ని నల్లగా మార్చే డార్క్ మోడ్ పెడితే సరిపోతుందిగా అంటారు. ఎల్‌సీడీ తెర అయితే వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించినా పెద్దగా మిగలదు. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది కాబట్టి నలుపు ఉన్నచోట ఖర్చు ఉండదు. అయితే 2021లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూస్తే, 100 శాతం బ్రైట్‌నెస్‌లో సగటున 39 నుంచి 47 శాతం ఆదా అయింది. 30–50 శాతం బ్రైట్‌నెస్‌లో మాత్రం 3 నుంచి 9 శాతమే. ఇంట్లో సోఫాలో కూర్చుని వాడేవాళ్లకి డార్క్ మోడ్ వల్ల మిగిలేది బహు స్వల్పం. పైగా ఎండలో నల్లటి నేపథ్యం మీద ప్రతిబింబాలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అక్కడ తెల్ల నేపథ్యమే నయం.

చుట్టూ ఉన్న వెలుగుని బట్టి ఫోనే తెరని సర్దుకునే ఆటో బ్రైట్‌నెస్‌ని చాలామంది నమ్మక ఆపేస్తారు, నేను మాత్రం దాన్ని గట్టిగా సమర్థిస్తాను. చాలా ఫోన్లు తమ గరిష్ఠ వెలుగుని, అంటే వెయ్యి నిట్లు దాటే ఆ స్థాయిని, ఆటో ఆన్‌లో ఉంటేనే ఇస్తాయి. అది పనిచేసే తీరు చూడాలంటే పర్పుల్ లైన్ మెట్రోలో ఎంజీ రోడ్ నుంచి కబ్బన్ పార్క్ వైపు వెళ్లండి. పైన ఎండలో ఉన్న రైలు భూమిలోకి దిగుతుంది. స్లైడర్‌ని తెరిచి ఉంచితే, చీకటి పడిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి, తీరిగ్గా వెనక్కి జరుగుతుంది. ప్రతి చెట్టు నీడకీ తెర మిణుకుమిణుకుమనకుండా కావాలనే అలా పెట్టారు. ఆ వెలుగు మీకు నచ్చకపోతే ఆటో ఆపేయకండి. ఆన్‌లో ఉంచే స్లైడర్ జరపండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లు ఆ మార్పుని గుర్తుపెట్టుకుని మీ అలవాటు నేర్చుకుంటాయి. కొన్నాళ్లు సర్దినా తిక్కతిక్కగా మారుతుంటే ఫోన్ పైభాగంలో, ముందు కెమెరా దగ్గర చూడండి. వెలుగుని కొలిచే సెన్సర్ సాధారణంగా అక్కడే ఉంటుంది. అతికించిన గ్లాసో కవర్ అంచో దానికి అడ్డొస్తోందేమో గమనించండి. పక్కవాళ్లకి కనపడకూడదని వేయించుకునే ప్రైవసీ గ్లాస్ ఉంటే, అది ఎదురుగా వచ్చే వెలుగుని కూడా కొంత మింగేస్తుంది. దానికోసం రోజంతా బ్రైట్‌నెస్ పెంచుకోవాల్సి వస్తుంది కాబట్టి, మెట్రోలో పక్కసీటు చూపులు అంత ఇబ్బంది పెట్టకపోతే మామూలు గ్లాసే వేయించుకోండి.