స్రెబ్రెనిత్సా: రెండోసారి తవ్విన గోతులు

జులై 11 దగ్గర పడిందంటే బోస్నియాలోని స్రెబ్రెనిత్సా మీద వాదన మళ్లీ మొదలవుతుంది. 1995లో అక్కడ జరిగిన జాతిహననాన్ని స్మరించుకునే అంతర్జాతీయ దినంగా ఆ తేదీని ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 2024 మే 23న ప్రకటించింది. అప్పటి నుంచి గొడవ ఇంకా పెరిగింది. ఆ తీర్మానానికి 84 దేశాలు అనుకూలంగా, 19 దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. 68 దేశాలు ఎటూ తేల్చకుండా ఊరుకున్నాయి. కోర్టులు ఎప్పుడో తీర్పు చెప్పేసిన విషయం మీద ప్రపంచం ఇలా మూడు ముక్కలుగా ఎందుకు చీలింది?

యుగోస్లావియా ఎలా విడిపోయింది, ఐక్యరాజ్యసమితి 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించిన ఊరు డచ్ సైనికుల కళ్ల ముందే ఎలా పడిపోయింది అనేవి చాలామందికి తెలిసిన సంగతులే. బోస్నియా సెర్బ్ సైన్యాధిపతి రాత్కో మ్లాదిచ్ సేనలు కొద్ది రోజుల్లో 8 వేల మందికి పైగా బోస్నియాక్ ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపాయి. ఆడవాళ్లను, చిన్నపిల్లలను, ముసలివాళ్లను బస్సుల్లో, లారీల్లో ఎక్కించి ఊరు దాటించాయి. ఇదంతా జులైలో జరిగింది. ఇవాళ్టి వాదన అర్థం కావాలంటే మాత్రం ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఏం జరిగిందో చూడాలి.

ఆగస్టు 10న అమెరికా రాయబారి మాడెలిన్ ఆల్‌బ్రైట్ భద్రతా మండలిలో ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూపించారు. వాటిలో కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి కనిపించింది. శవాలు ఎక్కడున్నాయో బయటివాళ్లకు తెలిసిపోతోందని చంపినవాళ్లకు అర్థమైంది. శాంతి చర్చలు కూడా దగ్గర పడుతున్నాయి. సెప్టెంబరు 14న బోస్నియా సెర్బ్ సైన్యం ప్రధాన కార్యాలయం నుంచి జ్వోర్నిక్ ప్రాంతంలో 'ఇంజనీరింగ్ పనుల' కోసం ఐదు టన్నుల డీజిల్ ఇవ్వమని ఆదేశం వెళ్లింది. ఆ కాగితం తర్వాత హేగ్‌లో యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన అంతర్జాతీయ కోర్టులో సాక్ష్యంగా నిలిచింది. ఆ ఇంజనీరింగ్ పనులు ఏమిటంటే, పూడ్చిన శవాలను యంత్రాలతో పెకలించి, లారీల్లో నింపి, కొండదారుల పక్కన కొత్త గోతుల్లో పారబోయడం. చాన్చారి రోడ్డు, హొజిచి రోడ్డు, లిప్ల్యె, జెలెని యాదర్: ఇవన్నీ అలా పుట్టిన రెండో విడత గోతులే.

జులైలో చంపినవాళ్లు సెప్టెంబరులో సాక్ష్యాన్ని కూడా చంపాలని చూశారు. యుద్ధం ముగిశాక రాజకీయ నాయకులు 'అలా జరగలేదు' అని మొదలుపెట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కాదనడం యుద్ధం ముగియక ముందే యంత్రాల బకెట్లతో మొదలైంది. నా ఉద్దేశంలో ఆ తర్వాత విన్న ప్రతి వాదనకూ మూలం ఇదే.

యంత్రాలు శవాలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తలేదు. ముక్కలు చేశాయి. ఒకే మనిషి ఎముకలు నాలుగైదు చోట్ల దొరికిన ఉదంతాలు ఉన్నాయి. 2001 నుంచి డీఎన్ఏ పరీక్షలతో ఒక్కొక్కరినీ గుర్తిస్తూ వచ్చారు. ఇప్పటికి దాదాపు 7 వేల మంది తేలారు. ఇన్నేళ్లు పట్టడానికి, ప్రతి జులైలో స్రెబ్రెనిత్సా పక్కనున్న పొతొచారి స్మశానంలో ఇంకా కొత్త సమాధులు లేవడానికి ఆ గోతులే కారణం. కొడుకుది ఒక్క తొడ ఎముక దొరికితే, దాన్నే ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అని తల్లులు తేల్చుకోవాల్సి వచ్చింది. ఖననం చేశాక మరో ఎముక దొరికి, సమాధిని మళ్లీ తెరిచిన కుటుంబాలు ఉన్నాయి.

'అంతమంది చనిపోలేదు, చనిపోయినవాళ్లు యుద్ధంలో పోయిన సైనికులే' అనేవాళ్లు శవాలెక్కడ అని అడగగలిగింది కూడా ఆ తవ్వకాల వల్లే. కానీ దాచిపెట్టిన తీరే వాళ్లను పట్టించింది. కోజ్లుక్ దగ్గర జనాన్ని చంపిన చోట సీసాల ఫ్యాక్టరీ పారేసిన ఆకుపచ్చ గాజు పెంకులు ఉన్నాయి. అవే పెంకులు చాన్చారి రోడ్డు గోతిలో ఎముకలతో కలిసి బయటపడ్డాయి. మట్టి రకం, తూటాల ఖాళీ గొట్టాలు, కళ్లకు కట్టిన గుడ్డల చింపులు ఒక గోతిని ఇంకో గోతితో కలిపాయి. కళ్లగంతలు వందల్లో దొరికాయి. యుద్ధం చేసేవాడు కళ్లకు గుడ్డ కట్టుకుని పోరాడడు కదా. కాల్చినవాళ్లలో ఒకడైన ద్రాజెన్ ఎర్దెమోవిచ్ 1996లోనే హేగ్‌లో నేరం ఒప్పుకున్నాడు. 2001లో బోస్నియా సెర్బ్ జనరల్ క్రిస్తిచ్ కేసులో అది జాతిహననమేనని హేగ్ ట్రిబ్యునల్ తేల్చింది. 2004లో అప్పీలులోనూ ఆ మాట నిలబడింది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా అదే చెప్పింది. అయితే ఆ జాతిహననానికి సెర్బియా నేరుగా బాధ్యురాలు కాదని, ఆపాల్సింది ఆపలేదని తీర్పిచ్చింది. మ్లాదిచ్‌కు పడిన యావజ్జీవ శిక్ష 2021లో ఖరారైంది.

అవతలి వైపు వాదన కూడా ఉంది. చుట్టుపక్కల సెర్బ్ పల్లెల్లోనూ జనం చనిపోయారు, 1993 జనవరిలో క్రావిత్సా అనే సెర్బ్ పల్లె మీద దాడి జరిగింది, వాళ్ల కోసం ఏ దినమూ లేదని సెర్బ్ నాయకులు అంటారు. ఆ చావులు నిజమే, ఆ దుఃఖమూ నిజమే. తీర్మానం తమ జాతి మొత్తానికి ముద్ర వేస్తుందని కూడా అంటారు. కానీ నేర బాధ్యత వ్యక్తులదే తప్ప ఏ జాతికీ అంటగట్టరాదని ఆ తీర్మానంలోనే రాసి ఉంది.

జరిగిందాన్ని కాదనే ఈ దారి తప్పించుకోలేనిదేం కాదు. బోస్నియాలో సెర్బుల పాలనలో ఉన్న రెపుబ్లికా స్ర్ప్‌స్కా ప్రభుత్వమే వేసిన ఒక కమిషన్ 2004లో నివేదిక ఇచ్చింది. జరిగిన హత్యల్ని ఆ నివేదిక ఒప్పుకుంది, అప్పటిదాకా తెలియని గోతుల జాడ కూడా ఇచ్చింది. అధ్యక్షుడు ద్రాగన్ చావిచ్ టీవీలో మాట్లాడుతూ అది సెర్బుల చరిత్రలో ఒక నల్లటి పేజీ అన్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2010లో సెర్బియా పార్లమెంటు కూడా నేరాన్ని ఖండించింది, జాతిహననం అనే మాట మాత్రం వాడలేదు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిన అడుగు ముందుకు పడకపోగా వెనక్కి మళ్లింది. 2018లో రెపుబ్లికా స్ర్ప్‌స్కా అసెంబ్లీ ఆ 2004 నివేదికను రద్దు చేసింది. 2021లో బోస్నియాలో శాంతి ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ ప్రతినిధి వాలెంటిన్ ఇంజ్కో, జాతిహననాన్ని కాదనడం నేరమని చట్టం తేవాల్సి వచ్చింది.

పొతొచారిలో ఒక రాతి మీద 8372 అనే అంకె, దాని పక్కన మూడు చుక్కలు చెక్కి ఉంటాయి. ఇది తుది లెక్క కాదని కింద రాశారు. ఇంకా దాదాపు వెయ్యి మంది జాడ తెలియదు. ఆ శరదృతువులో యంత్రాలు నడిపినవాళ్లు, లారీలు తోలినవాళ్లు, దారి పక్క ఇళ్లలోంచి చూసినవాళ్లు ఉన్నారు. ఆ గోతులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు చెప్పాలని తల్లులు ఇప్పటికీ అడుగుతున్నారు.