హంబన్‌టోట రేవును చైనా నిజంగానే లాగేసుకుందా?

విదేశీ ప్రాజెక్టుల రుణ ఒప్పందాలు చదవడం నా వృత్తి. శ్రీలంక మాట వస్తే చాలు, దాని దక్షిణ తీరంలోని హంబన్‌టోట రేవును చైనా అప్పు పేరుతో లాగేసుకుందన్న ఒకటే కథ వినిపిస్తుంది. ఆ కథ నమ్మితే అసలు ప్రమాదం కనిపించకుండా పోతుంది. అదే నా బాధ.

అపోహ: అప్పు కట్టలేదని చైనా రేవును జప్తు చేసింది.

వాస్తవం: 2007లో రేవు మొదటి దశకు చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ 30.7 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చింది, వడ్డీ 6.3 శాతం. 2010లో రేవు తెరిచారు కానీ అనుకున్నన్ని ఓడలు రాలేదు. 2017లో చైనా ప్రభుత్వ రంగ సంస్థ చైనా మర్చంట్స్ పోర్ట్ కంపెనీకి 99 ఏళ్లకు లీజుకిచ్చి శ్రీలంక 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ డబ్బు ఎగ్జిమ్ బ్యాంకుకు వెళ్లలేదు, విదేశీ మారక నిల్వల్లో చేరింది. అప్పటికి డాలర్ల కొరత అంతగా ఉంది. రేవు లీజుకు పోయింది, దాని మీది అప్పు మాత్రం అలాగే మిగిలింది! జప్తు అన్న ఒక్క మాటతో ఈ సంగతంతా మరుగున పడుతోంది.

అపోహ: 2022 దివాలాకు చైనా అప్పులే కారణం.

వాస్తవం: విదేశీ అప్పులో అన్నిటికంటే పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లది, అంటే విదేశీ మదుపరులకు అప్పు పత్రాలు అమ్మి తెచ్చిన డబ్బుది. 2019లో పన్నులు తగ్గించారు, కోవిడ్‌తో టూరిజం ఆగిపోయింది.

అపోహ: అయితే చైనా అప్పుతో ఇబ్బందేమీ లేదన్నమాట.

వాస్తవం: ఉంది, అదీ కట్టలేని అప్పు షరతులు తిరిగి రాసుకునే రోజున. 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అధికారులతో సాయంపై ఒప్పందం కుదిరినా, అప్పులిచ్చిన దేశాలు తమ అప్పుల భారం తగ్గిస్తామని హామీ ఇస్తేగాని ఐఎంఎఫ్ బోర్డు ఆమోదించదు. భారత్ 2023 జనవరిలో ఇచ్చింది. చైనా నుంచి సరిపడా హామీ మార్చిలోగాని రాలేదు. మందులకు, ఇంధనానికి జనం అల్లాడిన దేశం అన్నాళ్లూ ఎదురుచూసింది. భారత్, జపాన్, ఫ్రాన్స్ నడిపిన రుణదాతల కమిటీలోనూ చైనా చేరలేదు, విడిగా బేరమాడింది.

ఇదే టెన్షన్‌లో, 2022 ఆగస్టులో, ఉపగ్రహాలను, క్షిపణులను ట్రాక్ చేయగల చైనా నౌక యువాన్ వాంగ్-5 హంబన్‌టోటకు రావాల్సి ఉంది. భారత్ ఆందోళన చెప్పడంతో కొలంబో మొదట వాయిదా వేసుకోమంది, కొద్ది రోజులకే అనుమతించింది. తూర్పు నౌకాదళ కేంద్రమున్న విశాఖకు ఇది ఎక్కడిదో దూరపు వార్త కాదు. చివరికి 2024 జనవరి నుంచి ఏడాదిపాటు ఏ దేశపు పరిశోధక నౌకనూ రానివ్వబోమని శ్రీలంక ప్రకటించాల్సి వచ్చింది.