బ్యాకప్ పెట్టేశాం కదా, ఇంకేం టెన్షన్?

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా పని. డిస్క్ పోయిన ఇంట్లో నేనడిగే మొదటి ప్రశ్న "బ్యాకప్ ఉందా అండీ?" చాలామంది ఉందనే అంటారు. అక్కడే మొదలవుతుంది అసలు కథ.

అపోహ: డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది, చాలు.
వాస్తవం: చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లో చేసిన భాగాలు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

అపోహ: వన్‌డ్రైవ్ ఉందిగా!
వాస్తవం: మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈ ఆన్‌లైన్ స్టోరేజ్ చేసేది సింక్, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ ఫోల్డర్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. పర్సనల్ అకౌంట్ అయితే రీసైకిల్ బిన్‌లో 30 రోజులుంటుంది. పాప అన్నప్రాశన ఫొటోలు పోయాయని మనకు తెలిసేదేమో మొదటి పుట్టినరోజుకి!

అపోహ: ఒకసారి షెడ్యూల్ పెడితే ఇక అదే చూసుకుంటుంది.
వాస్తవం: ఇందులో నేనే దెబ్బతిన్నాను. విండోస్‌లో పనులను టైముకి నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి 2 గంటలకు బ్యాకప్ పెట్టి నాలుగు నెలలు హాయిగా నిద్రపోయాను. తీరా చూస్తే ఒక్క రాత్రి కూడా నడవలేదు. ఆ టైముకి ల్యాప్‌టాప్ మూసి సంచిలో ఉండేది మరి. టాస్క్ తెరిచి కండిషన్స్‌లోకి వెళ్తే, చార్జర్ పెట్టి ఉంటేనే మొదలవ్వాలనే టిక్ ముందే ఉంటుంది. బ్యాటరీ మీద వాడేవాళ్లు అది తీసేయాలి. సెట్టింగ్స్‌లో, టైము తప్పితే వీలైనంత త్వరగా నడపమనే టిక్ మాత్రం మనమే పెట్టుకోవాలి. కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్‌కి కూడా ఇది తప్పదు. ఇప్పుడు నాది రాత్రి 8 గంటలకు, అన్నం తినే వేళకి నడుస్తుంది.

రోబోకాపీ (విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే కమాండ్) వాడేవాళ్లకో మాట: దానికి ఎంఐఆర్ (/MIR) స్విచ్ పెడితే, అసలు ఫోల్డర్‌లో లేని ఫైళ్లను బ్యాకప్‌లోంచి కూడా తుడిచేస్తుంది. పొరపాటున డిలీట్ చేసినవి కూడా అలాగే పోతాయి.

అపోహ: ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంచాలి.
వాస్తవం: ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నీ వదలదు. నా దగ్గర రెండున్నాయి, వారానికొకటి మారుస్తాను. రెండోది బీరువాలో, పట్టుచీరల కింద. ఇంట్లో దానికీ గొడవే.

అపోహ: బ్యాకప్ పూర్తయిందని మెసేజ్ వచ్చింది, అంతా బాగున్నట్టే.
వాస్తవం: నేను నెలకోసారి ఏదో ఒక ఫైల్‌ని బ్యాకప్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరిచి చూస్తాను. మొన్న ఆదివారం తెచ్చింది పాత కరెంటు బిల్లు. తెరుచుకుంది.