పిడి ఇంత ఇరుకెందుకు? దసరా కత్తి వెనక కథ

బొబ్బిలి, విజయనగరం వైపు కొన్ని పాత ఇళ్లలో దసరాకి కత్తి దించుతారు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ అటకెక్కిస్తారు. ఈ మధ్య పూజకి ముందే వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లి గ్రైండర్ పెట్టిస్తున్నారు. పది నిమిషాల్లో తళతళలాడుతుంది. నాకు మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

మా పెదనాన్న ఇంట్లో ఉన్నది తల్వార్, అంటే వంపు కత్తి. పట్టుకుంటే పిడిలో నా నాలుగు వేళ్లూ ఇరుక్కున్నాయి. పాతవాళ్ల చేతులు చిన్నవేమో అనుకున్నాం. అది కాదు సంగతి. పిడి చివర పళ్లెం లాంటి బిళ్ల ఉంటుంది. మణికట్టు వంచబోతే అది ముంజేతికి అడ్డు తగులుతుంది. అందుకే మణికట్టు బిగించి, భుజం నుంచి విసిరి, అంచు తగలగానే వెనక్కి లాగాలి. నొక్కితే తెగని టమాటా లాగితే తెగుతుంది కదా, ఇదీ అంతే. గుర్రం మీద దూసుకుపోయేవాడికి ఈ వంపు మరీ అనుకూలం: కోసుకుంటూ జారిపోతుంది, ఇరుక్కోదు. రెండో చేతిలో డాలు.

మన పాత గుళ్ల శిల్పాల్లో ఎక్కువగా కనిపించేవి తిన్నని కత్తులే. వంపు కత్తి తురుష్కులు, మొఘలుల కాలంలో బాగా వ్యాపించింది. తిన్నని ఖండాకి రెండంచులు, వెడల్పు అలుగు (పిడి కాక మిగతా కత్తి రేకు), మొద్దు మొన. అది నరకడానికే. పిడి చివర మేకులాంటి కొస మీద రెండో చెయ్యి వేసి బలంగా దించేవారు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి విజయనగరం రాజు విజయరామరాజు వెంట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడు. గోడ బద్దలు కొట్టేది ఫిరంగే అయినా, కోట లోపల చెయ్యీ చెయ్యీ కలిశాక పోరు కత్తిదే. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజుని చంపాడు. అలాంటి ఇరుకులో తల్వార్ విసరడానికి చోటుండదు, బాకే దిక్కు.

ఇక లోహం. ఇనుమునీ కర్రముక్కల్నీ మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి తీసేవారు మన ఉక్కుని. నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం నుంచి పర్షియా వర్తకులు కొనుక్కెళ్లేవారు. ఆ ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. గ్రైండర్ ఆ పైపొరని గీకేస్తుంది, దాని వేడికి అంచు గట్టిదనం పోతుంది, పిడి మీద బంగారు పనుంటే అదీ ఊడుతుంది.

మెత్తటి గుడ్డకి కాస్త మెషిన్ ఆయిల్ రాసి తుడిస్తే చాలు. తడి కుంకుమ అలుగుకి అంటకూడదు, అక్కడే తుప్పు మొదలవుతుంది. ఈసారి పెదనాన్న బొట్టు ఒర మీద పెట్టారు.