అర్ధరాత్రి కేక

పిల్లలూ,

మీలో సంగీతం నేర్చుకుంటున్నవాళ్లు శంకరాభరణంలో ఈ స్వరాలు ఒకసారి నెమ్మదిగా పాడండి: స గ ప, ప ప ప ద ప. నిద్రపోతున్నవాళ్లను పిలిచినట్టు లేదూ? జర్మనీలో నాలుగు వందల ఏళ్లకు పైగా పాడుతున్న ఒక లూథరన్ క్రైస్తవ కీర్తన ఎత్తుగడ ఇది. మొదటి మాట ‘వాఖెట్ అవుఫ్’. మేలుకోండి అని అర్థం.

రాసినాయన ఫిలిప్ నికొలాయ్. ఉన్నా అనే చిన్న పట్టణంలో పాస్టరు. 1597లో ఆ ఊళ్లో ప్లేగు వచ్చి వెయ్యి మందికి పైగా పోయారు. ఆయన చేతుల మీదుగా ఎన్ని సమాధులు జరిగాయో! అలాంటి రోజుల తర్వాత, 1599లో, ఈ కీర్తన అచ్చయింది. అందులో చావు మాటే లేదు. ఉన్నది పెళ్లి. మత్తయి సువార్తలో పదిమంది కన్యకల కథ మీకు తెలుసు కదా, దివిటీలు, సిద్దెలలో నూనె, అర్ధరాత్రి పెండ్లికుమారుడు వస్తున్నాడన్న కేక? ఆ కేకనే ఆయన బురుజు మీది కాపలావాళ్ల నోట పెట్టాడు.

ఒక్క గుర్తు మాత్రం దాచిపెట్టాడు. కీర్తనలోని మూడు చరణాల మొదటి అక్షరాలను వెనకనుంచి చదివితే, జర్మన్‌లో ‘వాల్డెక్ ప్రభువు’ అనే మాటలకు పొడి అక్షరాలవుతాయి. ఆ ప్రభువు ఆయన దగ్గర చదువుకున్న పిల్లవాడు. చిన్నవయసులోనే పోయాడు. ఇది తెలిసినప్పటినుంచీ ఆ పాట నేను మామూలుగా వినలేకపోతున్నాను.

ఇక జర్మన్ సంగీతకర్త బాక్ సంగతి. ఆ కన్యకల కథ చర్చిలో చదివే ఆదివారం ఈస్టర్ బాగా ముందుగా వచ్చిన సంవత్సరంలోనే వస్తుంది. లైప్‌జిగ్ నగరంలో ఆయన పనిచేసిన 27 ఏళ్లలో రెండేసార్లు వచ్చింది. 1731 నవంబర్ 25న అలాంటి ఆదివారానికి ఆయన ఈ కీర్తన మీద ఏడు భాగాల కాంటాటా, అంటే గొంతులూ వాద్యాలూ కలిసి పాడే పెద్ద రచన, కట్టాడు. మొదటి భాగంలో పైస్థాయిలో సాగదీసి పాడేది కీర్తన బాణీయే. ఆరోజు దాన్ని పాడింది బడిపిల్లలు, ఇంచుమించు మీ ఈడువాళ్లే.

మీరు మాత్రం ముందు నాలుగో భాగం వినండి. వయొలిన్లు, వయోలాలు అన్నీ కలిసి ఒకే పాట ఎత్తుకుంటాయి, నింపాదిగా నడిచి వెళుతున్నట్టు. అది కీర్తనలోది కాదు, బాక్ సొంతం. ఎంత హాయిగా ఉంటుందంటే, ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. అప్పుడు ఉన్నట్టుండి టెనార్ గొంతులు (మగవాళ్ల పైస్థాయి గొంతులు) పాత కీర్తనను అందుకుంటాయి. వయొలిన్లు ఆగవు, దారి కూడా ఇవ్వవు. రెండు పాటలు దేని దారిన అది పోతూనే ఒకదానికొకటి సరిగ్గా అమరిపోతాయి. చర్చిలో కూర్చున్న జనానికి ఆ కీర్తన కంఠతా వచ్చు కాబట్టి, అది ఎప్పుడు వచ్చి చేరిందో వాళ్లు ఇట్టే పట్టేసి ఉంటారు. బాక్‌కీ ఈ భాగం నచ్చినట్టుంది, చివరి రోజుల్లో ఆర్గన్ వాద్యానికి మార్చి అచ్చువేయించాడు.

మొదటిసారి వయొలిన్ల వెంట వెళ్లండి. రెండోసారి టెనార్ల వెంట. మూడోసారి రెండూ కలిపి వినిపించాయో లేదో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య